బోరు మోటరు కాలితే రివైండింగా, కొత్తదా, సోలారా? నల్లగొండ, పాలమూరు బోర్లకు ఏది నప్పుతుంది

మోటరు కాలిన రోజు మన దగ్గర అందరూ అడిగే మాట ఒకటే, "అన్నా, ఐదు హెచ్‌పీ ఏసుడా, ఏడున్నర ఏసుడా?" అని. హెచ్‌పీ చివర్న తేలాల్సిన లెక్క. ముందు తేలాల్సింది మీ బోరు ఎండాకాలంలో ఎన్ని నీళ్లు ఇస్తుంది, మోటరు నడుస్తుంటే ఆ నీళ్లు ఎంత లోతులో నిలబడతాయి అన్నది. ఈ రెండూ తెలియకుండా ఎంత మంచి కంపెనీ మోటరు దించినా, దాని మీద ఎన్ని స్టార్లున్నా, కరెంటూ డబ్బూ రెండూ పోతాయి.

కరెంటు ఫ్రీ కదా, యూనిట్లు తగ్గితే నాకేం మిగులుతుంది అంటారా? అడగాల్సిన ప్రశ్నే. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది, 2018 జనవరి 1 నుంచి మన తెలంగాణ అంతటా 24 గంటల సరఫరా మొదలైంది, కాబట్టి బిల్లులో మిగిలేది దాదాపు ఏమీ లేదు. మిగిలేదంతా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, వైండింగ్ షాపు దగ్గర. ఒక 25 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడుకు కొలత) ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. పాతబడిన ఐదు హెచ్‌పీ మోటరు ఒక్కొక్కటి దాదాపు 6 కేవీఏ లాగుతుంది, అలాంటివి నాలుగు నడిస్తే ట్రాన్స్‌ఫార్మర్ నిండిపోయినట్టే. కానీ దాని మీద ఆరో ఏడో మోటార్లు ఉంటాయి, అందులో ఒకటో రెండో ఐదు హెచ్‌పీకే కరెంటు ఆఫీసులో డబ్బు (డీడీ) కట్టి ఏడున్నర నడిపేవి. వోల్టేజీ పడిపోతుంది, వోల్టేజీ పడితే మోటరు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, కాయిల్ వేడెక్కి కాలుతుంది, లేదంటే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది, అది వచ్చేదాకా పొట్ట మీదున్న వరి కళ్ల ముందే ఎండుతుంది. మోటరు తీయించే కిరాయి, కాలిన కాయిల్ మళ్లీ చుట్టించే రివైండింగ్ ఖర్చు, ఎండిన మడి, మనం కట్టే కరెంటు బిల్లు ఇదే. ఉచిత కరెంటు ఇచ్చిన కొత్తలోనే ప్రభుత్వం కెపాసిటర్, ఐఎస్ఐ మోటరు, పీవీసీ లేదా హెచ్‌డీపీఈ పైపు, రాపిడి తక్కువుండే ఫుట్‌వాల్వ్ ఉండాలని షరతు పెట్టింది. ఇన్నేళ్లయినా ఇవన్నీ సరిగ్గా ఉన్న చోటు మన ఊళ్లలో వెతికి చూడాల్సిందే.

సరే, కొలతలు. వీటికి ఇంజనీరు అక్కర్లేదు. ఒక 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్‌లో స్టాప్‌వాచ్, తీగ చుట్టూ పట్టించి ఆంపియర్లు చూసే, ఎలక్ట్రీషియన్ దగ్గరుండే క్లాంప్ మీటర్ చాలు. మోటరు వేసిన వెంటనే కొలవకండి, మొదటి పది నిమిషాలు ఏ బోరైనా నిండుగానే పోస్తుంది. గంటసేపు నడవనిచ్చి అప్పుడు డ్రమ్ము పెట్టండి. ఎన్ని సెకన్లకు నిండిందో చూసి 200ను దానితో భాగిస్తే సెకనుకు ఎన్ని లీటర్లో తెలుస్తుంది. 80 సెకన్లయితే రెండున్నర లీటర్లు. ఆ తర్వాత నీటి మట్టం. సన్నటి నైలాన్ దారానికి చిన్న బరువు కట్టి కేసింగ్ పక్క నుంచి నెమ్మదిగా వదిలితే తెలుస్తుంది, దారం మోటరు పైపుకు చుట్టుకుంటుందని భయం ఉంటే ఈసారి మోటరు బయటికి తీసినప్పుడు మెకానిక్‌తో అరఅంగుళం పైపు ఒకటి పక్కన దింపించుకోండి, ఇక ఎప్పుడైనా అందులోంచి చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే షాపుల్లో రోజూ జరిగే పొరపాటు ఇదే. "బోరు ఎంత లోతు?" అని అడుగుతారు, మనం మూడొందల ఫీట్లు అంటాం, వాళ్లు మూడొందల ఫీట్లకు సరిపడా స్టేజీల (పంపులో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇంపెల్లర్ల, అంటే నీళ్లను తోసే చక్రాల) మోటరు ఇస్తారు. మోటరు ఎత్తిపోయాల్సింది తను కూర్చున్న లోతు నుంచి కాదు, నడుస్తున్నప్పుడు నీళ్లు నిలబడ్డ మట్టం నుంచి. మోటరు 280 ఫీట్లలో ఉన్నా నీళ్లు 150 ఫీట్ల దగ్గర నిలబడుతుంటే ఎత్తు 150 ఫీట్లే, దానికి పైపుల రాపిడి, పొలం ఎత్తు కలుపుకోవాలి. 280 ఫీట్లకు లెక్కేసిన మోటరును 150 మీద నడిపితే అది తన అసలు పాయింట్ మీద నడవదు, ఎక్కువ నీళ్లు గుంజుతూ ఎక్కువ కరెంటు తింటుంది, కొన్ని మోడళ్లలో ఓవర్‌లోడై కాలుతుంది కూడా. వానాకాలంలో మట్టం పైకొచ్చినప్పుడు మోటార్లు కాలడానికి ఇదీ ఒక కారణం.

లెక్క చూద్దాం. సెకనుకు వచ్చే లీటర్లను ఎత్తు మీటర్లతో గుణించి 102తో భాగిస్తే, ఆ నీళ్లు పైకి రావడానికి నిజంగా కావాల్సిన కిలోవాట్లు వస్తాయి. 150 ఫీట్లు అంటే 46 మీటర్లు, రాపిడి కింద ఇంకో 6 కలిపితే 52. రెండున్నరను 52తో గుణించి 102తో భాగిస్తే 1.27 కిలోవాట్లు. ఇప్పుడు క్లాంప్ మీటర్‌తో చూస్తే మోటరు 400 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లు లాగుతోందనుకుందాం, ఆ రెండింటినీ గుణించి, త్రీఫేజు కాబట్టి 1.73తో, పవర్ ఫ్యాక్టర్ కింద 0.85తో గుణిస్తే దాదాపు 4.7 కిలోవాట్లు. నాలుగు పాళ్ల కరెంటు తీసుకుని ఒక్క పాలు పని చేస్తోంది, మిగతా మూడు పాళ్లు వేడిగా పోతోంది. అదే నీళ్లు, అదే ఎత్తుకు సరిగ్గా ఎంచుకున్న మూడు హెచ్‌పీ సెట్టు 2.7 కిలోవాట్లతో చేసేస్తుంది. మన ఐదు హెచ్‌పీల్లో చాలావాటి సంగతి ఇదేనని నా నమ్మకం, నమ్మక్కర్లేదు, డ్రమ్ము పెట్టి మీరే చూసుకోండి.

అందుకే మొదటి పోలిక ఐదుకూ మూడుకూ మధ్య. మనది గ్రానైటు నేల, నీళ్లు పైనున్న మొరంలో, కింద రాతి పగుళ్లలో ఉంటాయి, ఆ పగుళ్లు ఇచ్చే వేగానికే బోరు ఇస్తుంది. మునుగోడు, దేవరకొండ, కల్వకుర్తి, నారాయణపేట వైపు బోర్ల దగ్గర మార్చిలో నిలబడి చూస్తే తెలుస్తుంది. మోటరు వేయగానే పైపు నిండా ఎగిసిపడుతుంది, కాసేపటికి ధార సన్నబడుతుంది, ఆ తర్వాత పైపు మూతి దగ్గర బుస్సుమని గాలి, ఒక దెబ్బ నీళ్లు, మళ్లీ గాలి, పైపు వణుకుతూ ఆగుకుంటా పోస్తుంది. అప్పుడు మోటరు నీళ్లకంటే గాలినే ఎక్కువ లాగుతోంది, చల్లబరిచే నీళ్లు లేక వేడెక్కుతోంది, బుష్‌లు అరుగుతున్నాయి. మీ బోరు ఇలా గ్యాప్ ఇస్తుంటే ఐదు తీసి మూడు వేయడమే మంచి పని, ఏడున్నర వేయడం మాత్రం చెడగొట్టుకోవడమే. పెద్ద మోటరు వేస్తే బోరులో నీళ్లు పెరగవు, ఉన్నవి తొందరగా అయిపోతాయంతే. చిన్నది తగ్గించి గుంజుతుంది కాబట్టి మట్టం అంత లోతుకు పడదు, ఎత్తు తగ్గుతుంది, ఆగకుండా గంటలు గంటలు నడుస్తుంది, రోజు మొత్తం మీద నీళ్లు అంతే వస్తాయి, ఒక్కోసారి ఎక్కువే వస్తాయి. తొమ్మిది గంటల కరెంటు, అదీ రెండు విడతలుగా వచ్చిన రోజుల్లో పెద్ద మోటరు పెట్టి దొరికినంత గుంజుకోవడానికి అర్థం ఉండేది, ఇప్పుడు ఆ తొందర ఎందుకు?

గంటసేపు నడిచినా సెకనుకు మూడున్నర, నాలుగు లీటర్లు తగ్గకుండా పోసే బోర్లు, సాగర్ ఎడమ కాలువ కింద, ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువల కింద, నిండిన చెరువు కిందా ఉన్నవి, ఐదు హెచ్‌పీ ఉంచుకోవచ్చు, అక్కడ మూడు వేసి ఇబ్బంది పడమని చెప్పను.

మూడు హెచ్‌పీకి పోతే ఒక జాగ్రత్త. షాపులో వీ-4 (నాలుగంగుళాల బోర్ల కోసం చేసిన) మోటార్లు చూపిస్తారు, సన్నగా ఉంటాయి, ధరా తక్కువ. మన బోర్లు చాలావరకు ఆరున్నర అంగుళాలు, అందులో వీ-4 దించితే చుట్టూ ఖాళీ ఎక్కువై నీళ్లు మోటరును ఒరుసుకుంటూ పోవు, మోటరు చల్లబడదు. దించాల్సి వస్తే మోటరు చుట్టూ పీవీసీ పైపు తొడుగు పెట్టించండి. ఆరంగుళాల బోర్ల కోసం చేసిన వీ-6లో మూడు హెచ్‌పీ దొరికితే ఇంకా మంచిది.

రివైండింగా, కొత్తదా? ఒకసారి కాలిన మంచి కంపెనీ మోటరు, పంపు భాగం బాగుంటే రివైండింగ్ చేయించండి, తప్పు లేదు, కాకపోతే అదే గేజు రాగి తీగ వేస్తున్నాడో లేదో దగ్గరుండి చూసుకోండి, సన్న తీగ వేస్తే ఆ మోటరు మళ్లీ షాపుకు రావడం ఖాయం. ఎంత బాగా చేసినా ఒక్కో రివైండింగ్‌కు ఒకటి రెండు శాతం సామర్థ్యం తగ్గడం మామూలే. మూడుసార్లు అయినదాన్ని వదిలేయండి. ఇంకో సంగతి, చాలామంది మోటరు మాత్రం బాగు చేయించి పంపును విప్పను కూడా విప్పరు. ఇసుక పోసే బోరైతే పంపు విప్పి ఇంపెల్లర్ చేత్తో తీసుకుని చూడండి, అంచులు బ్లేడులా పలచబడి ఉంటాయి, రింగుకూ దానికీ మధ్య గోరు దూరేంత సందు ఉంటుంది, పైకి పోవాల్సిన నీళ్లు ఆ సందులోంచి మళ్లీ కిందికే జారిపోతుంటాయి. అలాంటి పంపుకు కొత్త కాయిల్ కట్టి ఏం లాభం? ఇంపెల్లర్లు, బుష్‌లు కూడా మార్చాల్సి వస్తే ఖర్చు కొత్తదాంట్లో సగం దాటుతుందా అని అడగండి, దాటితే కొత్తదే కొనండి.

కొత్తదైతే ఐఎస్ఐ గుర్తు కింద ఐఎస్ 8034 అని ఉండాలి, సబ్‌మెర్సిబుల్ పంపుసెట్ల ప్రమాణం అదే. ఆపైన బీఈఈ, అంటే కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ, ఇచ్చే స్టార్లు. ఐదు స్టార్లకు బీఈఈ మొదట పెట్టిన లెక్క ఐఎస్ఐ అడిగే కనీస సామర్థ్యం కంటే 20 శాతం పైన. మూడు స్టార్లకూ ఐదు స్టార్లకూ ధరలో తేడా మీ చేతికి అందేంతే ఉంటే ఐదే తీసుకోండి. కానీ స్టార్ల కంటే ముందు ప్లేటు మీద హెడ్ రేంజ్, అంటే ఎంత ఎత్తు నుంచి ఎంత ఎత్తు దాకా పనికొస్తుందో, చదవండి. ఉదాహరణకు 40 నుంచి 70 మీటర్లు అని ఉంటే, మీ ఎత్తు ఆ మధ్యలో, 50 నుంచి 58 దాకా పడాలి. ఐదు స్టార్ల మోటరు తప్పు ఎత్తు మీద నడిస్తే సరైన ఎత్తు మీద నడిచే రెండు స్టార్ల మోటరు కంటే హీనం. లైను చివర్న ఉండి వోల్టేజీ ఎప్పుడూ తక్కువే అయితే, 300 వోల్టుల నుంచో 320 నుంచో పనిచేసేలా చేసిన తక్కువ వోల్టేజీ మోటరు అడిగి తీసుకోండి.

పైపుల గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అన్నింటికంటే బాధ అక్కడే. మోటరుకు ముప్పై వేలు పెట్టేవాళ్లు పైపు దగ్గర ఐదొందలకు బేరమాడి రెండంగుళాలది తెస్తారు. సెకనుకు నాలుగు లీటర్లు పోయే నీళ్లకు, వంద మీటర్ల పొడవున, రెండంగుళాల పైపులో రాపిడికి పోయేది దాదాపు 9 మీటర్ల ఎత్తు. రెండున్నర అంగుళాలకు పోతే 3 మీటర్లు. మూడంగుళాలైతే ఒక మీటరు పైచిల్లర. బోరు నుంచి చివరి మడి దాకా మూడొందల మీటర్లు సన్న పైపు వేసిన చోట మోటరు ఎనభై, తొంభై ఫీట్లు లోతున్న ఇంకో బావిని ఊరికే తోడుతున్నట్టే లెక్క. లోపల తుప్పు గడ్డకట్టిన పాత జీఐ పైపులైతే ఇంకా ఎక్కువ. మోటరు మార్చే డబ్బు ఇప్పుడు లేదనుకుంటే ఈ ఏడు పైపు మార్చండి, అవసరం లేని ఎల్బోలు తీసేసి పొడుగు బెండ్లు వేయండి, సగం మూసిపెట్టే గేట్ వాల్వ్ ఉంటే తీసేయండి. కేబుల్ కూడా అంతే, ఐదు హెచ్‌పీకి మూడొందల ఫీట్లు పోయేచోట రెండున్నర ఎంఎం కంటే నాలుగు ఎంఎం రాగి తీగ మేలు, ముక్కలు ముక్కలుగా అతికిన కేబుల్ మాత్రం వద్దు.

కెపాసిటర్ విషయంలో రెండు రకాల తప్పుడు మాటలు వింటుంటాం. కరెంటు సగం మిగులుతుందని ఒకరు, దండగని ఇంకొకరు. కెపాసిటర్ మీ మోటరు తినే కిలోవాట్లను తగ్గించదు. లైనులో, ట్రాన్స్‌ఫార్మర్‌లో పారే ఆంపియర్లను తగ్గిస్తుంది, దాంతో వోల్టేజీ కొంచెం నిలబడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా ఉంటుంది. మూడు హెచ్‌పీకి 1 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత), ఐదుకు 2 చాలు, స్టార్టరు తర్వాత మోటరు వైపు కట్టించాలి. ఒక్కరు పెడితే పెద్ద తేడా ఉండదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద రైతులంతా మాట్లాడుకుని ఒకేరోజు పెట్టించుకుంటే కనబడుతుంది.

ఆటోస్టార్టర్ తీసేయండి, దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. కరెంటు పోయి రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారి లేస్తాయి, లేచేటప్పుడు ఒక్కోటి మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఎట్ల ఆగుతుంది? పైగా మడి నిండినా రాత్రంతా పోస్తూనే ఉంటుంది, బోరు అడుగంటుతుంది. దానికి బదులు ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టర్ పెట్టుకోండి, కాకపోతే నీళ్లు తగ్గితే తనే ఆపేసే డ్రై రన్ రక్షణ, ఫేజు పోతే ఆపే రక్షణ రెండూ ఉన్నది. చీకట్లో పాములు తిరిగే గట్ల మీద నడిచి, తడి చేత్తో స్టార్టర్ డబ్బా ముట్టుకుని పోయిన ప్రాణాలు మన జిల్లాల్లో తక్కువేం కాదు, ఆ ఒక్క కారణం చాలు.

సోలార్ గురించి చాలామంది అడుగుతున్నారు. త్రీఫేజ్ లైను ఇప్పటికే ఉండి, కరెంటు ఉచితంగా వస్తుంటే, సొంత డబ్బు పెట్టి సోలార్ మోటరు కొనడం నేనైతే వద్దంటాను. సోలార్ పంపుల కోసం 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకంలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇచ్చేలా పెట్టినా రైతు వాటా 40 శాతం, లక్షల్లో ఉంటుంది. స్తంభాలు చాలా దూరం వేయాల్సిన చెలకలకు, అడవి అంచు పొలాలకు మాత్రం సోలారే దారి. 2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం పథకం అలాంటి పోడు పట్టాలున్న గిరిజన రైతుల కోసమే, వాళ్లు ఆగకుండా అర్జీ పెట్టుకోవాలి. సోలార్‌లో ఐదు హెచ్‌పీకి దాదాపు 4.8 కిలోవాట్ల ప్యానెళ్లు వస్తాయి, పొద్దున పదింటి నుంచి మూడింటి దాకా బాగా పోస్తుంది, మబ్బు పడితే తగ్గుతుంది, దుమ్ము తుడవకపోతే ఇంకా తగ్గుతుంది. బత్తాయి, మామిడి, కూరగాయలకు బాగా కుదురుతుంది. దాని మీద వరి పెట్టుకుంటే కష్టమే.

డ్రిప్పు పెట్టబోయేవాళ్లు మోటరు, డ్రిప్పు రెండూ కలిపి లెక్కేయించుకోండి. ఫిల్టరు, లైన్లు, డ్రిప్పర్లు కలిపి కేజీన్నర నుంచి రెండు కేజీల ప్రెషరు అడుగుతాయి, అంటే ఇంకో 15 నుంచి 20 మీటర్ల ఎత్తు. బయటికి ఊరికే పోసేటప్పుడు సరిపోయిన మోటరు డ్రిప్పుకు చాలకపోవచ్చు, అప్పుడు రెండు స్టేజీలు పెంచితే చాలు, హెచ్‌పీ పెంచాల్సిన పని చాలాసార్లు ఉండదు, ఎందుకంటే డ్రిప్పుకు నీళ్లు తక్కువే కావాలి. మన దగ్గర నీళ్లలో సున్నం ఎక్కువ, లేటరళ్లలో (మొక్కల వెంట వేసే సన్న డ్రిప్పు పైపుల్లో) తెల్లటి పొర కడుతుంది, అప్పుడప్పుడు యాసిడ్‌తో కడగకపోతే ప్రెషరంతా అక్కడే పోతుంది.

వరి సంగతి కూడా లెక్కలోకి రావాలి, నచ్చకపోయినా. యాసంగిలో ఎకరం వరికి సుమారు 48 లక్షల లీటర్లు కావాలి, వేరుశనగకు 20 నుంచి 24 లక్షలు. సెకనుకు రెండున్నర లీటర్లు పోసే బోరు మీద వరికి దాదాపు 533 గంటలు, వేరుశనగకు 222 నుంచి 267 గంటలు. ఏ స్టార్ల మోటరూ ఇంత తేడా తేలేదు. రెండెకరాల్లో ఒక ఎకరం వరి తగ్గించి చూసినవాళ్లకు ఆ మార్చి, ఏప్రిల్‌లో ఎంత టెన్షన్ తగ్గుతుందో నేను చెప్పక్కర్లేదు.

బోరు కాకుండా పాత బావి ఉన్నవాళ్లకు ఒక్క మాట. గట్టు మీద మోనోబ్లాక్ (మోటరు, పంపు ఒకటిగా ఉండే సెట్టు) ఉంటే, నీటి మట్టం నుంచి మోటరు దాకా ఇరవై ఫీట్లు మించకూడదు, మించితే గుంజలేక తిప్పలు పడుతుంది. మట్టం ఎక్కువగా మారే బావులకు నీళ్లలోనే మునిగి ఉండే ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ నయం, ఫుట్‌వాల్వ్, ప్రైమింగ్ (మోటరు వేసే ముందు పైపులో నీళ్లు నింపడం) గొడవే ఉండదు.

కొలతలు ఏప్రిల్, మే నెలల్లో తీసుకోండి, మట్టం అప్పుడే అన్నిటికంటే కింద ఉంటుంది. జులైలో మోటరు కాలి నాటు ఆగిపోయినప్పుడు షాపుకు పరిగెత్తితే వాళ్ల దగ్గర ఏది ఉంటే అదే తెచ్చుకుంటాం. ఒక కాగితం మీద డ్రమ్ము నిండిన సెకన్లు, ఎండాకాలం నీటి మట్టం, వానాకాలం మట్టం, పైపు సైజు, పొడవు, పొలం ఎత్తు, సాయంత్రం వోల్టేజీ రాసుకుని, "ఈ నీళ్లు ఈ ఎత్తుకు రావాలె, ఏ మోడల్ ఇస్తవు, దాని కర్వ్ చూపియ్యి" అని అడగండి. ఏ ఎత్తుకు ఎన్ని నీళ్లు పోస్తుందో గీత గీసి చూపే ఆ కర్వ్ కాగితం ప్రతి మంచి కంపెనీ దగ్గర ఉంటుంది, చూపించను అనే షాపు నుంచి పక్క షాపుకు వెళ్లండి. బిల్లు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు, స్టేజీలు రాయించుకోండి, వారంటీ అడిగే రోజు అవే అడుగుతారు. కొత్తది దించిన రోజే గంట నడిపి డ్రమ్ము పెట్టి, ఆంపియర్లు చూసి అదే బిల్లు వెనక రాసి పెట్టుకుంటే, ఏడాది తర్వాత మళ్లీ కొలిచినప్పుడు పంపు అరిగిందా, బోరే తగ్గిందా అన్నది తెలిసిపోతుంది: మట్టం అంతే ఉండి నీళ్లు తగ్గితే పంపు, మట్టమే కిందికి పోతే బోరు.